పంపు తుపాకీ భుజాన్ని ఎందుకు తంతుంది?

చిలికా, పులికాట్ ఒడ్డున మనం బాతుల్ని చూసి మురిసిపోవడమే, వేటాడితే నేరం. అమెరికాలో మాత్రం లైసెన్సుతో చలికాలంలో వేటాడతారు. అక్కడున్న మన పిల్లలు స్నేహితుల వెంట వెళ్లి, భుజం కమిలిందని ఫోన్లో చెబితే కారణం ఇదీ.

గ్యాస్‌తో పనిచేసే సెమీ ఆటోమేటిక్‌లో తన్ను కాస్త మెత్తబడుతుంది. పంపు షాట్‌గన్‌లో ఆ ఏర్పాటు లేదు, మొత్తం భుజానికే. పైగా 1991 నుంచి అక్కడ నీటిపక్షుల వేటకు సీసపు గుళ్లు నిషేధం. ఉక్కు గుళ్లు తేలిక, అందుకని వేగం పెంచి తయారుచేస్తారు. మూడున్నర అంగుళాల తూటా తన్ను మరీ ఘోరం; బాతులకు మూడు అంగుళాలది చాలు.

అసలు తప్పు చాలాసార్లు కొలతలో ఉంటుంది. ట్రిగ్గర్ నుంచి తుపాకీ మడమ చివరి దాకా సుమారు 14 అంగుళాలు ఉంటుంది. దుకాణంలో పలుచని చొక్కా మీద సరిపోయిందే, దళసరి కోటు వేసుకుంటే పొడవై చంక దగ్గర చిక్కుకుంటుంది. మడమ భుజం గుంటలో కాక జబ్బ మీద ఆనుతుంది. కమిలేది అక్కడే. కాబట్టి కోటు తొడుక్కునే కొలవాలి. ఎక్కువైతే, స్పేసర్లున్న తుపాకీకి ఒకటి తీయించాలి. రబ్బరు ప్యాడ్ మంచిదే, కానీ మందమైనది వేస్తే పొడవు మళ్లీ పెరుగుతుంది!

ఎత్తేటప్పుడు ముందు చెంపకు, ఆపైన భుజానికి. పంపు ఆడించేటప్పుడూ మడమ భుజాన్ని వదలకూడదు.