ఎవరి చెవి వారిదేనా?

హైదరాబాదు రేడియో 1935లో దక్కన్ రేడియోగా ప్రారంభమై, 1950లో ఆకాశవాణిలో చేరింది. పూర్వం రేడియో ఖరీదుకు తోడు పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టవలసి వచ్చేది గనుక, ఒక ఇంటి అరుగుమీద చుట్టుప్రక్కల ఇండ్లవారంతా వినేవారని మా ఉప్పల్ పెద్దలు చెప్పేవారు. నాచారం ఫ్యాక్టరీల నుండి వచ్చినవారు కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క ముచ్చట్లు విని అలసట మరచేవారు. వార్తల వేళ పిల్లలమైన మేము కిక్కురుమనేవారము కాము.

ఒకరు మాట్లాడుచుండగా పదిమంది ఊరకుండి వినుట ఆ పెట్టె మనకు నేర్పిన మంచి అలవాటు. నేడు ఎవరి ఫోను వారిది, ఎవరి చెవి వారిది. మూలన మంచంమీదనున్న అమ్మ మాట మాత్రం వినేవారు లేరు. ఈ రాత్రి భోజనాలైన తరువాత ఫోన్లు ప్రక్కనబెట్టి, ఆమె చుట్టూ కూర్చుందాము. ఆమె చెప్పవలసినవి ఎన్నో ఉన్నాయి.