శివారుకు చేరే మందు

మాది గుడివాడ. పిన్ని వాళ్లది దివిసీమలో నాగాయలంక. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ బతుకుతున్నా. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిందని తెలిసిన రోజు పిన్ని ఫోన్లో ఒక్కటే అడిగింది: "ఒరేయ్, మళ్లీ ఆ ఎర్ర మందేనా?"

దాని పేరు డాక్సోరుబిసిన్. నిజంగానే ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. క్యాన్సర్ కణాల్ని బాగా చంపుతుంది కానీ గుండె కండరాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే జీవితం మొత్తంలో ఇంతకు మించి ఇవ్వకూడదని ఒక లెక్క ఉంది. పిన్ని ఆ లెక్కలో చాలా భాగం మొదటిసారే వాడేసింది.

విజయవాడ డాక్టర్‌గారు అదే మందును లైపోజోమ్‌లో పెట్టి ఇద్దామన్నారు. అంటే కొవ్వు బుడగ. సైజు 80–100 నానోమీటర్లు, వెంట్రుక మందంలో సుమారు వెయ్యోవంతు. మామూలు రక్తనాళాల గోడ దాటి అది తేలిగ్గా బయటికి రాలేదు, అందుకే గుండెకు తక్కువ చేరుతుంది. కణితిలో నాళాలు హడావుడిగా పెరిగినవి, చిల్లులెక్కువ. అక్కడ కారుతుంది. ఇలాంటి మందు డాక్సిల్‌కు అమెరికాలో 1995లోనే అనుమతి వచ్చింది. కొత్తదేం కాదు, నాకంటే పెద్దది!

"మిస్సైల్‌లా నేరుగా కణితికే పోతుంది పిన్నీ" అని చెప్పేశా. తర్వాత చదివితే సిగ్గేసింది. అంతకుముందు పదేళ్ల ప్రయోగాలను 2016లో ఒక సమీక్ష కలిపి చూసింది. ఎక్కించిన నానో కణాల్లో కణితికి చేరేది, మధ్యస్థంగా, 0.7 శాతమే! చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. దివిసీమ వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లొదిలారని పేపర్లో చదువుతాం, శివారు పొలానికొచ్చేసరికి కాలవ అడుగు తడుస్తుంది.

"మరి అంత ఖర్చెందుకురా?" అంది పిన్ని.

గుండె కోసం. వ్యాధి ముదిరిన 509 మంది మహిళలపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2004లో వచ్చాయి. జబ్బును ఆపడంలో పాత మందు, బుడగ మందు దాదాపు సమానం. గుండె దెబ్బ మాత్రం బుడగ మందుతో బాగా తక్కువ.

బుడగకు అడ్రస్ అంటించే పని ల్యాబుల్లో ఇంకా నడుస్తోంది. కొన్ని క్యాన్సర్ కణాలు ఫోలిక్ యాసిడ్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి కాబట్టి దాన్నే అడ్రస్‌గా వాడి చూస్తున్నారు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం పనిచేసింది ఈ ఫోలిక్ యాసిడ్ మీదే. వాళ్లు చేసిన అమినోప్టెరిన్‌తో పిల్లల లుకేమియా కొంతకాలం వెనక్కి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు.

పిన్నికి మూడో డోసు అయింది. ఎకో బందరులోనే తీయించాం, గుండె బానే ఉంది. అరచేతులు, అరికాళ్లు మాత్రం మండుతున్నాయట. ఈ మందుతో అది మామూలే, వేడినీళ్లు తగలనివ్వద్దన్నారు. దాంతో బాబాయి గిన్నెలు తోముతున్నాడు. ఎకో రిపోర్టు కంటే ముందు ఆ ఫొటోనే వాట్సాప్‌లో వచ్చింది.