నేలవాసనను నూనెలో నిలుపు విద్య

వేసవియంతయు ఎండకు మాడిన కల్లూరు చేలమీద తొలకరి చినుకు పడిననాడు లేచు మట్టివాసనను సీమవాసులకు వర్ణించి చెప్పనక్కఱలేదు. ఏటి సగటు వర్షపాతము 700 మిల్లీమీటర్లకైనను చేరని కర్నూలు ప్రాంతమున, గుంటకను గొఱ్ఱును సవరించుకొమ్మని రైతునకు అందు తొలి కబురు అదియే.

ఈ వాసనను పట్టి సీసాకెత్తు విద్య మన దేశమున చిరకాలముగ నున్నది. కనౌజులోని అత్తరుకారులు కాల్చిన మట్టిని డేగు అను రాగికాగులో నీళ్ళతో కలిపి, మూతచుట్టు బంకమన్ను మెత్తి, క్రింద సన్నని సెగ పెట్టుదురు. వెదురుగొట్టమువెంబడి వచ్చిన ఆవిరి, నీటితొట్టిలో నుంచిన భప్కా యను రాగిపాత్రలోనికి దిగి, అందు ముందే పోసియున్న చందనతైలమునకు తన గంధము నిచ్చి నీరగును. ఆ నీటిని తీసివేసి, తైలమును మరల మరల అదే పనికి పెట్టుదురు. ఆ పొయ్యిదగ్గఱ కూర్చున్నవానికి తన చేయియు ముక్కునే ప్రమాణములు. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఈ వాసనను శోధించి, దానికి పెట్రికోర్ అని పేరిడిరి. ఎండకాలమున మొక్కలనుండి వెలువడు తైలాంశములు మట్టిలోను రాళ్ళలోను పేరుకొని, తేమ తగిలినంతనే పైకి వెడలునని వారు నిరూపించిరి. ఈ వాసనలో పాలుగలదై, మట్టిలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్ అను పదార్థమును మనుష్యుని ముక్కు లక్షకోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళున్నను పసిగట్టును. అనావృష్టి యెంత దీర్ఘమో వాసన యంత చిక్కన యగుటచే, ఏ ఎండను మనము శాపమనుకొందుమో అదియే ఈ పరిమళమునకు తల్లి.

ద్రవ్యమున్నంత మాత్రమున ఎవడును సుగంధకారుడు కాడు. ఆఱవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితయందు గంధయుక్తికై ఒక అధ్యాయమునే కేటాయించి, పదునాఱు ద్రవ్యములలో నాలుగేసి చొప్పున ఎంచినచో 1,820 కూర్పులగుననియు, పాళ్ళను మార్చుచుపోయిన 1,74,720 పరిమళములగుననియు లెక్కగట్టెను. అన్ని దారులలో ఒక్కదానిని నిలుపుకొని తక్కినవానిని విడుచుటయే ఈ కళకు ప్రాణమని నా దృఢవిశ్వాసము.

తెలుగుదేశమున కొండవీటి రాజగు కుమారగిరిరెడ్డి వసంతోత్సవములచే కర్పూరవసంతరాయ బిరుదము నొందెను; ఆ ఉత్సవములకు కర్పూరకస్తూరికాదులను ద్వీపాంతరములనుండి తెప్పించిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు హరవిలాసము నంకితమిచ్చెను. నాడు సుగంధము రాజు కోరినది. నేటి పెద్ద కంపెనీలలో అది బజారు కోరినది. స్వతంత్ర సుగంధకారుడో, గ్రాములో నూఱవవంతును తూచు చిన్న త్రాసును, కొన్ని సీసాలును ముందిడుకొని, అందఱు మెచ్చకపోయినను తన మనసులోని గంధము తేలువఱకు మరల మరల కలుపువాడు. మల్లెనే చూడుడు: అందలి ఇండోల్ చిక్కగానున్న దుర్గంధము, లేశమాత్రమున్న పువ్వునకు జీవము. దానిని పూర్తిగా తొలగించినవాని మల్లె కాగితపుపువ్వే. కాగితపుముక్కమీద బొట్టువేసి అప్పుడొకసారి, గడియ తరువాత నొకసారి, మఱునాడొకసారి మూర్కొని చూచినగాని కూర్పు గుణము తెలియదు. నిమ్మజాతి వాసనలు ముందు పోవును, పూలు నడుమ నుండును, చందనమును వట్టివేరును కడవఱకు నిలుచును.

పాలకొండ, శేషాచలములలోని మన ఎఱ్ఱచందనమునకు రంగున్నదే గాని శ్రీగంధపు పరిమళము లేదు. అయినను మనకు మట్టి యున్నది. తొలకరి వాసనను తన గుండెలో నెఱిగిన సీమబిడ్డ యెవడైనను, ఎవతెయైనను, ఈ నేలనే డేగులో కెత్తి ఒక అత్తరు చేయవలెనని నా విన్నపము. చదువరులు, అత్తరు కొనునపుడు సీసా సొగసు చూడక, మణికట్టున రాచుకొని సాయంకాలమువఱకు వేచి, అప్పుడే వెలయిత్తురు గాక.