దెయ్యం వేషం కట్టినవాళ్లు

పేకముక్క చూడకుండా అదేంటో చెప్పమంటూ ఇద్దరు అమ్మాయిలు సరదాగా ఆడుకుంటుంటారు. కిటికీ దగ్గర అటు తిరిగి ఉన్న మూడో అమ్మాయి, ఎవరూ అడగకుండానే, ముక్కలన్నీ వరసపెట్టి చెప్పడం మొదలుపెడుతుంది. మాట మాటకూ గొంతు మారిపోతుంటుంది. ఒక్కసారిగా ఇటు తిరుగుతుంది. కళ్లున్నాయి, కనుపాపలు లేవు.

'ఈవిల్ డెడ్' చూసినవాళ్లకు ఈ సన్నివేశాన్ని గుర్తుచేయాల్సిన పనిలేదు. వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని, తలుపులేసుకుని, మధ్యలో నీళ్లు తాగడానికి కూడా ఒంటరిగా లేవలేక ఈ సినిమా చూసిన తరం మన ఊళ్లలో ఉంది. దర్శకుడు శామ్ రైమీ తర్వాత రోజుల్లో 'స్పైడర్‌మ్యాన్' తీశాడని, హీరో బ్రూస్ కాంప్‌బెల్‌కి దేశదేశాల్లో అభిమానులున్నారని ఆ తరానికి తెలుసు. కిటికీ దగ్గర నిలబడిన అమ్మాయి పేరు మాత్రం అడిగితే తడుముకుంటారు. ఆమె ఎలెన్ శాండ్‌వైస్. ఆమెతోపాటు బెట్సీ బేకర్, థెరెసా టిల్లీ. ముగ్గురూ కళ్లకు దళసరి లెన్సులు, ముఖానికి రబ్బరు తగిలించుకుని, గడ్డకట్టే చలిలో చేసిన పనిని 'మేకప్ అదిరింది' అన్న ఒక్కమాటతో మనం దాటేస్తూ వచ్చాం. మేకప్‌ను తక్కువ చేయడం లేదు. కానీ ఆ మేకప్‌కు ప్రాణం పోసింది ఎవరు? అందుకోసం వాళ్లు పడ్డ పాట్లేంటి? ఈ కథనం వాళ్ల గురించి.

డబ్బు పోగేసి తీసిన సినిమా

సినిమా మొదలుపెట్టేనాటికి రైమీకి ఇరవై ఏళ్లు. మిషిగన్ రాష్ట్రంలో తనతో కలిసి చదువుకున్న స్నేహితులే బృందం. చేతిలో డబ్బులేదు. అందుకని ముందు 1978లో 'వితిన్ ద వుడ్స్' అనే పొట్టి సినిమాను సూపర్-8 ఫిల్మ్ మీద దాదాపు 1,600 డాలర్లతో తీశారు. అందులో దెయ్యం పట్టినవాడు కాంప్‌బెల్, బతికి బయటపడేది ఎలెన్. అసలు సినిమాకొచ్చేసరికి ఆ పాత్రలు తారుమారయ్యాయి. ఆ పొట్టి సినిమా చూపించి డాక్టర్లు, పంటి డాక్టర్లు, లాయర్ల దగ్గర పెట్టుబడి పోగేశారు. సినిమా పూర్తయ్యేసరికి ఖర్చు నాలుగు లక్షల డాలర్ల లోపు తేలింది. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. ఆ చిల్లరకూ ఒక దశలో దిక్కులేకపోతే కాంప్‌బెల్ తన కుటుంబ ఆస్తిని తాకట్టు పెట్టాల్సి వచ్చింది.

1979 నవంబరులో టెనెసీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ దగ్గర, పాడుబడిన ఒక చెక్క ఇంట్లో షూటింగ్ మొదలైంది. ఆరు వారాల్లో ముగిద్దామనుకున్నారు. దాదాపు పన్నెండు వారాలు పట్టింది. ఇంట్లో కొళాయి లేదు. అందరూ అక్కడే పడుకునేవాళ్లు. స్నానం లేకుండా రోజులు గడిచేవి. చలికి తట్టుకోలేక చివరికి సామాను విరిచి పొయ్యిలో వేసుకున్నారు.

తారాగణం ఐదుగురే. అందులో థెరెసా టిల్లీ, రిచర్డ్ డెమానింకర్ అప్పటికే నటుల సంఘమైన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌లో సభ్యులు. ఇది సంఘం నిబంధనల కింద తీస్తున్న సినిమా కాదు. పేరు బయటికొస్తే సంఘంతో చిక్కు. అందుకే టైటిల్స్‌లో ఆమె శారా యార్క్, అతను హాల్ డెల్రిచ్. ముఖం మేకప్ కిందకు పోయింది, పేరు మారుపేరు కిందకు పోయింది. చేసిన పని తనదేనని చెప్పుకునే వీలు కూడా లేకుండా ఒక నటి అన్ని వారాలు ఆ చలిలో పనిచేసిందంటే ఆమె పట్టుదలకు దండం పెట్టాలి.

కంటికి పట్టిన కష్టం

కనుపాపలు లేని ఆ తెల్లకళ్లే సినిమాకు ఆయువుపట్టు. ఇప్పటి మెత్తటి లెన్సులు కావవి. దళసరివి, గట్టివి. కాంప్‌బెల్ వాటి గురించి చెబుతూ, టప్పర్‌వేర్ డబ్బాను కంట్లో పెట్టుకున్నట్టుండేదని పోల్చాడు. ఒక జత పెట్టడానికి పది నిమిషాలు పట్టేది. పెట్టాక పదిహేను నిమిషాలకు మించి ఉంచడానికి వీల్లేదు.

ఎందుకంటే, కంటి నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర కార్నియాలో రక్తనాళాలుండవు. దానికి కావలసిన ఆక్సిజన్ చాలావరకు నేరుగా గాలి నుంచే అందాలి. గాలి చొరబడని మూత వేసి ఉంచితే ఆ పొర ఉబ్బుతుంది, మంట పుడుతుంది, చూపు మసకబారుతుంది. అంటే ఒక్కో షాట్‌కు ఆ నటీమణుల చేతిలో ఉన్న సమయం ఆ కాసేపే. అందులోనే లైటింగ్ సరిచూసుకోవాలి, కెమెరా తిరగాలి, డైలాగ్ రావాలి. అంతసేపూ వాళ్లకు ఎదురుగా ఉన్నదేదీ కనిపించదు.

నటుల్ని మెచ్చుకోవాల్సి వస్తే 'కళ్లతోనే పలికించింది' అంటాం మనం. ఆ కళ్లనే మూసేస్తే నటికి ఏం మిగులుతుంది? గొంతు, మెడ, భుజాలు, వేళ్లు. ఈ సినిమాను మళ్లీ చూసేటప్పుడు మేకప్‌ను కాసేపు పక్కనపెట్టి వీటినే గమనించండి. నేలమాళిగ తలుపుకు గొలుసు వేసి ఉంటుంది. ఆ సందులోంచి తల బయటపెట్టి ఎలెన్ వెక్కిరిస్తుంటుంది. శరీరం కనిపించదు, కళ్లు పలకవు. తల వాల్చే తీరు, దవడ కదలిక, గొంతులోని ఎగతాళి, అంతే. పైనున్న మనుషులకన్నా బందీగా ఉన్న ఆమే బలవంతురాలని మనకు అర్థమైపోతుంది. బెట్సీ బేకర్‌ది ఇంకో దారి. మేకప్ కళాకారుడు టామ్ సల్లివన్ ఆమె ముఖాన్ని తెల్లటి బొమ్మలా తీర్చాడు. ఆమె గుమ్మంలో కాళ్లు మడుచుకుని కూర్చుని చిన్నపిల్లలా కిలకిలా నవ్వుతూ, పాట పాడుతూ భయపెడుతుంది. అరిచే దెయ్యాలను ఎన్నో చూశాం. ఆ నవ్వే నాకు ఎక్కువ భయం. బొమ్మ ముఖానికి పసిపిల్ల గొంతు జోడించి ఇంత చేసిన నటనకు రావలసిన పేరు రాలేదనే నా అభిప్రాయం.

అచ్చు తీసే వేళ

స్పెషల్ ఎఫెక్ట్స్ మేకప్ అంటే ముందు నటి ముఖానికి అచ్చు తీయాలి. జుట్టుకు టోపీ తొడిగి, కనుబొమలకు, రెప్పవెంట్రుకలకు వాజలైన్ దట్టంగా పట్టిస్తారు. పంటి డాక్టర్లు దవడ అచ్చుకు వాడే ఆల్జినేట్ పొడిని నీళ్లలో కలిపి ముఖమంతా పూస్తారు. ముక్కు రంధ్రాలు మాత్రం వదులుతారు. పైన ప్లాస్టర్ పట్టీలు వేస్తారు. అవి గట్టిపడేదాకా కళ్లు తెరవకూడదు, నోరు కదపకూడదు. చెవులూ మూసుకుపోయి మాటలు ఎక్కడో దూరం నుంచి వినిపిస్తాయి. బరువు పెరుగుతుంటుంది. ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంది. ఇరుకు గది అంటే భయపడేవాళ్లు ఇక్కడే చేతులెత్తేస్తారు. అందుకే తెలిసిన మేకప్‌మ్యాన్ నటి చేయి పట్టుకుని, ఇంకెంతసేపో చెబుతూ ఉంటాడు. ఆమె వేలెత్తితే వెంటనే తీసేయాలన్నది ముందే అనుకుంటారు.

ఆ అచ్చులో పోసి నటి తలకు నకలు తయారుచేస్తారు. దాని మీద మట్టితో గాయాలో, ముడతలో, ఉబ్బిన పెదవులో చెక్కి, మళ్లీ అచ్చు తీసి, రబ్బరు నురగతోనో సిలికాన్‌తోనో పలచటి ముక్కలు పోస్తారు. అవే ముఖానికి అతుకుతాయి. అంచు కాగితమంత పలచగా ఉంటేనే చర్మంలో కలిసిపోతుంది. డబ్బులేని సినిమాల్లో ఇంత తతంగం కుదరదు. లాటెక్స్ ద్రవాన్ని నేరుగా చర్మం మీద పూసి, దూదో టిష్యూ కాగితమో అద్ది, ఆరబెట్టి, దాని మీద రంగు వేస్తారు. అందులోని అమ్మోనియా ఘాటుకు కళ్ల వెంట నీళ్లొస్తాయి.

'ఈవిల్ డెడ్' కోసం ముఖం మీద వేసిన అచ్చును తీస్తుంటే బెట్సీ బేకర్ రెప్పవెంట్రుకలు దాంతోపాటే ఊడొచ్చాయి. అలాంటి పని తర్వాత కూడా ఆమె వచ్చి, తెల్లరంగు పూయించుకుని, గుమ్మంలో కూర్చుని నవ్వింది.

రక్తం సంగతి వేరే. మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు, క్రీమర్ పొడి కలిపి బకెట్ల కొద్దీ కాచారు. చక్కెర పాకం గనక ఒంటికి జిగురులా పట్టేసేది, చలికి గట్టిపడేది. కాంప్‌బెల్ చొక్కా తడిసి ముద్దయితే మంట దగ్గర ఆరబెట్టారు. మళ్లీ తొడుక్కోబోతే చొక్కా విరిగిపోయింది. గుడ్డ చిరగడం విన్నాం, విరగడం ఎక్కడైనా విన్నామా!

అనుకున్న వారాలు దాటాక నటులు చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. సినిమా మిగిలే ఉంది. అప్పుడు దొరికినవాళ్లకు వేషం వేసి, చేతులో కాళ్లో వీపో చిత్రీకరించారు. దర్శకుడి తమ్ముడు టెడ్ రైమీ కూడా అలా దూరాడు. 1955లో హాస్యనటుడు షెంప్ హోవార్డ్ చనిపోయాక అతని స్థానంలో వేరొకరి వీపు చూపించి సినిమాలు పూర్తిచేసిన సంగతి గుర్తుచేసుకుని, వీళ్లకు 'ఫేక్ షెంప్స్' అని టైటిల్స్‌లో పేరు వేశారు. పేరు వేయడం మంచి పనే. కానీ ముసుగుంటే ఎవరైనా ఒకటే అన్న అపోహ కూడా ఇక్కడే బలపడుతుంది. చేయి ఎవరిదైనా కావచ్చు. కిటికీ దగ్గర గొంతు మార్చిన ఎలెన్ స్థానంలో ఇంకొకరిని ఊహించడం నావల్ల కాదు.

సినిమా 1981 అక్టోబరు 15న డెట్రాయిట్‌లోని రెడ్‌ఫర్డ్ థియేటర్‌లో మొదటిసారి పడింది. మరుసటి ఏడాది కాన్స్ చిత్రోత్సవంలో రచయిత స్టీఫెన్ కింగ్ చూసి, ఆకాశానికెత్తుతూ రాశాడు. అక్కణ్నుంచి దశ తిరిగింది. ముగ్గురు నటీమణులకు ఆదరణ దక్కడానికి మాత్రం ఏళ్లు పట్టింది. అభిమానుల సభలకు 'లేడీస్ ఆఫ్ ద ఈవిల్ డెడ్' పేరుతో కలిసి వెళ్లడం మొదలుపెట్టాకే జనం వాళ్ల ముఖాలు చూశారు. 2016లో 'యాష్ వర్సెస్ ఈవిల్ డెడ్' సిరీస్ కోసం ఎలెన్ మళ్లీ అదే పాత్రకు మేకప్ వేసుకుంది.

మన దగ్గర

నటుడి ఒంటికి హద్దు ఉంటుందన్న మాట కొత్తది కాదు. 1931లో 'ఫ్రాంకెన్‌స్టైన్' కోసం జాక్ పియర్స్ రోజూ దాదాపు నాలుగు గంటలు కూర్చోబెట్టి బోరిస్ కార్లాఫ్‌కు మేకప్ వేసేవాడు. ఆపైన రోజంతా బరువైన బూట్లతో షూటింగ్. రెండేళ్లకు, 1933లో, స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ పెట్టిన తొలినాటి సభ్యుల్లో కార్లాఫ్ ఒకడు. భూతం వేషం కట్టినవాడే పనిగంటల కోసం సంఘం పెట్టినవాళ్లతో కలిశాడు. థెరెసా టిల్లీ పేరు మార్చుకోవాల్సి వచ్చింది ఆ సంఘం నిబంధనకే. నిబంధన ఆమెను ఇబ్బంది పెట్టింది నిజమే. అది పుట్టింది మాత్రం ఇలాంటి సెట్ల మీద ఇలాంటి నటుల కోసమే.

ఇక మన దగ్గరకొస్తే, అమీర్‌పేటలో వీడియో షాపు నడిపిన రామ్‌గోపాల్ వర్మ 1992లో రేవతితో 'రాత్రి' తీశాడు. ముప్ఫై ఏళ్లకు, 2022లో, 'మసూద'లో బాంధవి శ్రీధర్ దెయ్యం పట్టిన పిల్లగా హాలంతా వణికించింది. ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఫోన్‌తోనో అద్దె కెమెరాతోనో దెయ్యం కథ తీస్తున్న కుర్రాళ్లు ఎందరో. వాళ్లతోనే నా మాట.

ఆన్‌లైన్‌లో దొరికే తెల్ల లెన్సుల జత తెప్పించి నేరుగా నటి కళ్లలో పెట్టకండి. కంటి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లి కొలత తీయించండి. ఒకరి లెన్సులు ఇంకొకరికి పెట్టకండి, కొళాయి నీళ్లతో కడగకండి. కార్నియాకు పుండు పడితే చూపే పోవచ్చు. లాటెక్స్ పడనివాళ్లు ఉంటారు. ముందురోజే చేతి మీద కాస్త పూసి చూడండి. వేసిన మేకప్ తీయడానికి కూడా షెడ్యూల్‌లో గంట కేటాయించండి. ప్యాకప్ చెప్పి అందరూ భోజనాలకు వెళ్తుంటే, ఆమె ఒక్కతే ముఖం పీక్కుంటూ కూర్చోకూడదు. కళ్లు కనిపించని నటి పక్కన చేయి పట్టుకుని నడిపించే మనిషిని పెట్టండి. ఖర్చు తగ్గించాలంటే రక్తం తగ్గించండి, లైట్లు తగ్గించండి. నటి ఒంటి దగ్గర తగ్గించకండి. ఇక టైటిల్స్ వేసేటప్పుడు దెయ్యం వేషం కట్టిన ఆమె పేరు ముందు వరసలో, సొంత పేరుతో వేయండి.