నడిసంద్రంలో మజిలీ

తెరచాప పడవల మీద అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటేవాళ్లలో హోర్టా పేరు వినని వారుండరు. పోర్చుగల్‌కు చెందిన తొమ్మిది అజోర్స్ దీవుల్లో ఫయాల్ ఒకటి. ఆ దీవిలోని రేవు పట్టణమే హోర్టా. లిస్బన్‌కు పడమరగా దాదాపు 1,700 కిలోమీటర్ల దూరంలో ఉంది. దీవి మొత్తం మీద జనాభా 15,000 లోపే. అయినా ఏటా వెయ్యికి పైగా పడవలు ఇక్కడ ఆగుతాయి. ఉద్యోగ విరమణ చేసో, ఏడాది రెండేళ్లు సెలవు పెట్టో పడవనే ఇల్లు చేసుకుని తిరిగే జంటలు వాటిలో ఎన్నో కనిపిస్తాయి.

ఇన్ని పడవలు ఇటు రావడానికి కారణం గాలి. ఉష్ణమండలంలో ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు శీతాకాలం మొదట్లో పడవలను కెనరీ దీవుల మీదుగా కరీబియన్‌కు చేరుస్తాయి. తిరిగి అదే దారిన ఐరోపాకు రావాలంటే గాలికి ఎదురు వెళ్లాలి. అందుకని పడవలు ముందు ఉత్తరానికి సాగి, 35-40 డిగ్రీల అక్షాంశాల దగ్గర పడమటి గాలులను అందుకుంటాయి. హోర్టా సరిగ్గా ఆ దారిలోనే ఉంది. హరికేన్ల కాలం జూన్‌లో మొదలవుతుంది కాబట్టి అంతకు ముందే కరీబియన్ నుంచి బయటపడాలని అందరూ చూస్తారు. మే, జూన్ నెలల్లో హోర్టా కిటకిటలాడేది అందుకే. సెయింట్ మార్టిన్ దీవి నుంచి ఇక్కడికి దాదాపు 2,200 నాటికల్ మైళ్లు. గంటకు 5 మైళ్ల చొప్పున, రాత్రీ పగలూ ఆగకుండా వచ్చినా 18 రోజులు పడుతుంది.

ఇద్దరే ఉన్న పడవలో ఆ రోజులన్నీ కంటినిండా నిద్ర ఉండదు. మూడు నాలుగు గంటలకోసారి వంతు మారుతుంది. ఒకరు పడుకుంటే మరొకరు గాలినీ తెరచాపలనూ దూరాన కనిపించే ఓడల దీపాలనూ కనిపెట్టుకుని ఉండాలి. చుక్కాని సంగతి ఆటోపైలట్ చూసుకున్నా, ఎదురొచ్చే సరుకు ఓడను తప్పించే బాధ్యత మనిషిదే. రోజంతా ఒకే పడవలో ఉన్నా భార్యాభర్తలు కలిసి కూర్చునేది ఏ భోజనాల వేళో. అందుకే రేవు చేరాక వాళ్లకు మొదట కావలసింది ఊరు చూడడం కాదు, తెల్లవార్లూ పడుకోవడం.

అంతకంటే ముందు కాగితాల పని ఉంటుంది. విదేశం నుంచి వచ్చే పడవ పసుపు జెండా కట్టుకుని రేవులోకి వస్తుంది. ప్రవేశానికి అనుమతి కోరుతున్నట్టు దానికి అర్థం. పాస్‌పోర్టులు, పడవ రిజిస్ట్రేషన్, బీమా పత్రాలు చూపించాక దాన్ని దించి పోర్చుగల్ జెండా ఎగరేస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు షెంజెన్ వీసా ముందే తీసుకుని రావాలి. ఆ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండడానికి లేదు.

రద్దీ రోజుల్లో మెరీనాలో చోటు చాలక పడవలను ఒకదాని పక్కన ఒకటి చేర్చి కట్టేస్తారు. చివరి పడవలోని వాళ్లు గట్టెక్కాలంటే మధ్యనున్న పడవలన్నీ దాటాలి. అవతలివాళ్లు కూర్చునే వెనక భాగం నుంచి కాకుండా ముందు భాగం మీదుగా దాటడం మర్యాద. దిగీ దిగగానే బట్టలు, దుప్పట్లు మంచినీళ్లలో ఉతకాలి. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక, సముద్రపు నీటిలో తడిసిన బట్ట ఎంత ఎండబెట్టినా మళ్లీ చెమ్మగిల్లుతూనే ఉంటుంది. ఆ తర్వాత తెరచాప కొయ్య పరీక్ష. ఒకరు తాడు కట్టిన ఆసనంలో కూర్చుంటే మరొకరు వించ్ తిప్పుతూ పైకి లేపుతారు. కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగల్లో ఒక్క పోగు తెగి కనిపించినా ఆ తీగ మార్చాల్సిందే.

పనులు తెమిలాక అందరూ చేరే చోటు పీటర్ కేఫ్ స్పోర్ట్. 1918లో మొదలైన ఈ హోటల్ సముద్రయాత్రికులకు తపాలా కార్యాలయంగా కూడా పనికొచ్చింది. నెలల తరబడి నీళ్ల మీద ఉండేవాళ్ల ఉత్తరాలను ఇక్కడ దాచి, వచ్చినప్పుడు అందించేవారు. పై అంతస్తులోని మ్యూజియంలో తిమింగలం పళ్ల మీద చెక్కిన బొమ్మలున్నాయి.

మెరీనా గోడల మీద, నడిచే గట్టు మీద వేల రంగుల బొమ్మలు కనిపిస్తాయి. పడవ పేరు, వచ్చిన సంవత్సరం, మనుషుల పేర్లు, పక్కన ఒక చిత్రం. బొమ్మ వేయకుండా వెళ్లిన పడవకు కీడు జరుగుతుందని నావికుల నమ్మకం. ఎండకూ ఉప్పునీటికీ రంగు వెలిసిపోతుంది. పూర్తిగా వెలిసిన బొమ్మ మీదే కొత్తవాళ్లు తమ బొమ్మ వేసుకుంటారు.

హోర్టాకు వచ్చిపోయేవాళ్లు కాలాన్ని బట్టి మారారు. 19వ శతాబ్దంలో అమెరికా తిమింగల వేట ఓడలు ఇక్కడ ఆగేవి. ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన తొలి నావికుడు జాషువా స్లోకమ్ 1895 జులైలో ఆగాడు. ఇక్కడ దొరికిన ప్లమ్ పండ్లు, పక్క దీవి పీకో చీజ్ కలిపి తిని, బయల్దేరాక నడిసముద్రంలో కడుపునొప్పితో పడిపోయానని తన పుస్తకంలో రాసుకున్నాడు. 1893లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగ వచ్చింది. ఇక్కడ తీగలు నడిపిన కంపెనీల్లో చివరిది 1969లో మూతపడింది. అట్లాంటిక్‌ను దాటిన మొదటి విమానం, అమెరికా నౌకాదళానికి చెందిన ఎన్‌సీ-4, 1919 మేలో ఈ రేవు నీటి మీదే వాలింది. మధ్యలో ఆగకుండా దాటే శక్తి రాగానే విమానాలు, ఓడలు ఈ రేవుకు రావడం మానేశాయి. గాలిని, కొద్దిపాటి డీజిల్‌ను, ఇద్దరి ఒంటి సత్తువను నమ్ముకున్న పడవలకు మాత్రం ఆగక తప్పదు. వాటి కోసమే 1986లో ఈ మెరీనా కట్టారు.

ఎప్పుడు బయల్దేరాలన్నది చెప్పేది కూడా గాలే. వేసవిలో ఈ దీవుల చుట్టుపక్కల అధిక పీడనం తిష్ట వేస్తుంది. దాని నడిమధ్యన గాలి ఆడదు. ఉత్తరాన అల్పపీడనాలు తుపాను గాలులు తెస్తాయి. ఈ రెంటి మధ్య అనువైన గాలి అయిదారు రోజులు నిలుస్తుందని వాతావరణ పటాలు చూపించేదాకా జంటలు ఎదురుచూస్తాయి. ఈలోగా 1957-58లో బద్దలైన కపెలిన్యూష్ అగ్నిపర్వతాన్ని చూసి వస్తాయి, కూరగాయలు, రొట్టె, డీజిల్ నింపుకుంటాయి. లిస్బన్‌కు ఇంకా 900 మైళ్లకు పైగా, అంటే మరో వారం పైచిలుకు ప్రయాణం ఉంటుంది.