విడిపోయిన జీతగాళ్ళే ఊరిని కలిపారు

దాచేపల్లి: మన పల్నాట పాలేరు అంటారు. కృష్ణ దాటితే జీతగాడు అంటారు. మాట వేరైనా బతుకు ఒక్కటే. కూతురి పెళ్ళికో, ఇంట్లో జబ్బుకో తండ్రి ఆసామి వద్ద అప్పు తెస్తాడు. ఆ అప్పు కింద కొడుకు పశువుల కొట్టంలో చేరతాడు. ఏడాది తిరిగేసరికి వాడి జీతం వడ్డీకి చెల్లు. అసలు అట్లాగే ఉంటుంది.

ఇట్లాంటి జీతం నుంచి బయటపడిన పిల్లలే పెరిగి పెద్దవారై తోటివారిని విడిపించిన ఉదంతం రంగారెడ్డి జిల్లాలో జరిగింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన సంస్థ 1991 ప్రాంతంలో అక్కడ ఈ పని చేపట్టింది. దీనికి సారథి ఆయన మనుమరాలు శాంతా సిన్హా. పని మాన్పించిన పిల్లలను ముందు శిబిరాల్లో ఉంచి అక్షరాలు నేర్పేవారు. తర్వాత వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. అట్లా చదువుకున్నవారిలో పలువురు కార్యకర్తలై మళ్ళీ పల్లెలకు వెళ్ళారు.

వారి పని సులువు కాదు. తండ్రి ఇంకా అదే ఆసామి పొలంలో కూలికి పోతుంటాడు. కొడుకు నలుగురిలో నోరు విప్పితే రేపు పని దొరకదు, అవసరానికి అప్పు పుట్టదు. అయినా తాము పడ్డ పాట్లను వారు గ్రామసభల్లో చెప్పారు. ఆసామిని శత్రువుగా చూడక, పిల్లవాడు ఉండవలసిన చోటు బడి అన్న మాటకు ఊరందరినీ ఒప్పించడం ఆ సంస్థ పద్ధతి. ఒప్పుకుని పిల్లలను వదిలిన ఆసాములను సభల్లోనే సత్కరించారు. వారిలో కొందరు తర్వాత బడికి అండగా నిలిచారు. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు లభించింది.

అయితే సయోధ్య అంటే తప్పును మాఫీ చేయడం కాదు. వెట్టి చాకిరీ 1975 అక్టోబరు 25 నుంచి చట్టరీత్యా రద్దయింది. 1976 నాటి చట్టం ప్రకారం ఆ బాకీ తీర్చనక్కరలేదు. రద్దయిన బాకీని వసూలు చేసినా నేరమే. వెట్టి చేయించినవారికి మూడేళ్ళ వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసింది అప్పు ఇచ్చినవాడే. విడుదలైన మనిషిని ఉన్న ఇంటి నుంచి వెళ్ళగొట్టకూడదు.

కేంద్ర పథకం కింద తక్షణ సాయంగా 30 వేల రూపాయల వరకు ఇస్తారు. పునరావాసానికి పురుషులకు లక్ష, స్త్రీలకు, పిల్లలకు రెండు లక్షల రూపాయలు నిర్ణయించారు. ఫిర్యాదు తహశీల్దారుకు గాని, గురజాల ఆర్డీవోకు గాని, నరసరావుపేటలో కలెక్టరుకు గాని ఇవ్వవచ్చు. పిల్లల విషయమైతే 1098కి ఫోను చేస్తే చాలు.

ఇది ఎక్కడిదో సంగతి అని మనవారు అనుకోనక్కరలేదు. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు చేలకు తరలివస్తాయి. వెంట వచ్చిన పిల్లలకు ఆ నెలల్లో బడి ఉండదు. ఇటుక బట్టీలకు, రాతి పనులకు ముందుగా ఇచ్చే అడ్వాన్సు ఎప్పుడు సంకెల అవుతుందో చెప్పలేం. ఇష్టం లేనప్పుడు మానేసి వెళ్ళగలిగితే అది కూలి. వెళ్ళనివ్వకపోతే వెట్టి. అడ్వాన్సు ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఈ తేడా గుర్తుంచుకోవాలి.

అన్ని కులాలనూ ఒకే బంతిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి కథ పల్నాట తెలియనివారు లేరు. ఏటా కార్తీకంలో కారంపూడి వీరుల ఉత్సవాల్లో దాన్ని తలచుకుంటాం. ఆ బంతిలో కూర్చునే పిల్లవాడు మర్నాడు పొద్దున పలక పట్టుకు బడికి పోతున్నాడా, పశువుల వెంట పోతున్నాడా అన్నది కూడా ఊరి పెద్దలు విచారించాలి.