శవం అక్కర్లేని మర్డర్ మిస్టరీ

ప్రవాస తెలుగు సంఘాల వేడుకల్లో ఒక లోటు ఏటా కనిపిస్తుంది. వేదిక మీద పదిమంది, కింద కొన్ని వందల మంది. పెద్దలు ముందు వరసల్లో కూర్చుంటారు, కుర్రకారు వెనకాల ఫోన్లలో తలదూరుస్తారు. నాట్యం, పాట, ప్రసంగం, భోజనం అన్నీ సక్రమంగానే జరుగుతాయి. కానీ సాయంత్రమంతా ఒక తరానికి ఇంకో తరంతో పని పడదు. ఆ పని కల్పించే సాధనం మర్డర్ మిస్టరీ ఆట అని నా వాదన. అందుకోసం ఇంగ్లీషు దొర బంగళానూ, విషం కలిపిన వైనునూ అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచుకు వెళితే కావలసిన సరుకంతా దొరుకుతుంది.

ఈ ఆటలో ప్రతివారికీ ఒక పాత్ర కాగితం ఇస్తారు. నువ్వెవరు, నీకేం తెలుసు, ఏది దాచాలి అన్నవి అందులో ఉంటాయి. నిర్వాహకుడికి అంతా తెలుసు గానీ అతను ఆడడు, నడిపిస్తాడు. మనం చిన్నప్పుడు చీటీలు మడిచి ఆడిన రాజు, మంత్రి, దొంగ, పోలీసు ఆటకు ఇది పెద్దన్న. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో రూపొందించిన క్లూడో అనే బోర్డు ఆట 1949లో బజారుకొచ్చింది. 1986లో మాస్కోలో దిమిత్రీ దవిదోవ్ మాఫియా ఆటను తయారుచేశాడు. చైనా నగరాల్లో ఇప్పుడు పాత్ర కాగితాలతో గంటల తరబడి ఆడే జూబెన్షా ఆటకు ప్రత్యేకంగా దుకాణాలే వెలిశాయి. వీటన్నిటి కిటుకు ఒకటే: నిజం ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా ఉండదు. పక్కవాణ్ణి అడిగితే తప్ప ఆట ముందుకు సాగదు.

ఈ కిటుకు మనకు కొత్తదేమీ కాదు. సీతాపహరణం జరిగిన చోటని స్థానికులు నమ్మే పర్ణశాల, భద్రాచలానికి సుమారు ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. జటాయువు నేలకూలిన చోటుగా చెప్పుకునే ఎటపాక భద్రాచలాన్ని ఆనుకునే ఉంది. వాల్మీకి అరణ్యకాండలో ఆ ఘట్టాన్ని నేర పరిశోధనగా చదివి చూడండి. మొదట దక్షిణం వైపు చూపిస్తున్న లేళ్ళు, తర్వాత రాలిన పూలు, విరిగిన విల్లు, ముక్కలైన రథం. నెత్తురోడుతున్న జటాయువును చూసి, సీతను తిన్నది ఇతడేనని రాముడు బాణం ఎక్కుపెడతాడు. సాక్షినే నేరస్థుడనుకోవడమన్నమాట! రావణుడి పేరు, పోయిన దిక్కు జటాయువు దగ్గర, నగల మూట సుగ్రీవుడి దగ్గర, లంకలో సీత ఉన్న జాడ సంపాతి దగ్గర ఉన్నాయి. అవి ఒక్కచోట చేరితే గాని దారి తెలియలేదు. 2014 విభజన తర్వాత పర్ణశాల తెలంగాణలో మిగిలింది, ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళింది. ఈనాటి కేసైతే రెండు రాష్ట్రాల పోలీసులు ముందు హద్దు తేల్చుకోవాల్సి వచ్చేది.

అలాగని దేవుళ్ళకు అనుమానితుల పాత్రలు ఇమ్మనడం లేదు. భక్తులు నొచ్చుకుంటారన్న అభ్యంతరం సబబైనదే. ఆ కథ నుంచి పద్ధతి తీసుకుని, సంఘటనను కల్పించుకోవాలి. గోదావరి ఒడ్డున ఊహించిన ఒక పల్లెలో, వరద రాత్రి, తునికాకు (బీడీ ఆకు) కోసినవాళ్ళకు పంచాల్సిన బోనస్ పైకం మాయమైందనుకోండి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చేరింది. గంటగంటకూ నీటిమట్టం రాసిన కాగితం ఇద్దరి చేతికిస్తే, ఎవరు ఏ వేళకు ఏ వాగు దాటగలరో పిల్లలు లెక్కగట్టి అబద్ధాలు పట్టేస్తారు. దోషి పాత్రధారి, ఆ పొద్దంతా తునికాకు కోసి కల్లంలో అప్పగించి వస్తున్నానంటాడు. పిల్లలకు అందులో తప్పు తోచదు. ఆకు కోత ఎండాకాలం పని, వరద నాటికి కల్లాలు ఎప్పుడో మూసేస్తారని ఆ ప్రాంతం తెలిసిన పెద్దమ్మకు వెంటనే తడుతుంది. లెక్క ఒక తరం దగ్గర, ఎరుక ఇంకో తరం దగ్గర ఉంటే, వాళ్ళిద్దరూ మాట్లాడుకోక తప్పదు.

శుభమా అని వేడుక చేసుకుంటూ హత్య ఏమిటనేది రెండో అభ్యంతరం. శవం లేకపోయినా చిక్కుముడి బిగుస్తుందనడానికి రామదాసు కథే రుజువు. రామదాసుగా పేరుపడ్డ నేలకొండపల్లి గోపన్న గోల్కొండ చెరలో ఉండగా, రాత్రివేళ ఇద్దరు అపరిచితులు తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకుని వెళ్ళిపోయారని ఐతిహ్యం. చెల్లించిందెవరు అన్న ప్రశ్న ఒక్కటే ఆ కథను ఇన్నేళ్ళు నడిపించింది. పిల్లలకు తెలుగు చదవడం రాదన్నది మూడోది. నిజమే. అయితే కీలకమైన ఆధారాలు తెలుగులోనే రాసి పిల్లల చేతిలో పెడితే, చదివి చెప్పమని వాళ్ళే తాతగారి బల్ల దగ్గరికి వెళతారు. రాకపోవడం కూడా ఆటలో ఒక మెట్టవుతుంది.

నాలుగో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఆ అడవి మనకు సరదా కావచ్చు, కోయలకూ కొండరెడ్లకూ అది బతుకు. కోయ పాత్ర అంటే అడుగుజాడలు పట్టేవాడో, మంత్రాలు వేసేవాడో అని రాస్తే అది పాత సినిమాల జబ్బే. ఆ పాత్ర ఉపాధ్యాయురాలో, నర్సో, సర్పంచో ఎందుకు కాకూడదు? ఎన్‌కౌంటర్లనూ, పోలవరం ముంపుతో ఊళ్ళు వదిలే కుటుంబాల కష్టాన్నీ కథావస్తువు చెయ్యకూడదు. ఊరిని కల్పించి, నదినీ, రుతువులనూ, పనిపాటలనూ నిజంగా ఉంచితే ఈ హద్దు దాటకుండా ఆడొచ్చు.

నిర్వహణ కష్టమేమీ కాదు. బల్లకు పదిమంది, ప్రతి బల్లకూ అదే కథ. పదేళ్ళవాళ్ళూ అరవై దాటినవాళ్ళూ ఒకే బల్ల దగ్గర ఉండేలా ముందే సర్దాలి. ముఖ్యమైన ప్రతి ఆధారం ఇద్దరి చేతుల్లో ఉండాలి, ఒకరు భోజనానికి లేచిపోయినా ఆట కుంటుపడకూడదు. దోషి ఒక్కడికే అబద్ధం చెప్పే హక్కు, మిగిలినవాళ్ళు దాచవచ్చు గానీ బొంకకూడదు. రెండు గంటలు చాలు. సంఘాలు ఏటా ఏదో ఒక పోటీ పెడుతూనే ఉంటాయి. ఈసారి ఖమ్మం, భద్రాచలం మూలాలున్న కుటుంబాలను ఒక కథ రాయమని అడగండి. ఆ కథ కోసం వాళ్ళ పిల్లలు ఇంట్లో పెద్దలను అడిగే ప్రశ్నలతోనే ఆట మొదలవుతుంది.